రెండొందలు దాటుతుందన్నారు!

పెన్‌పహాడ్‌లో ఓ రిటైర్డ్ పంతులుగారి ఇంట్లో పాత ఇనప బీరువా ఉంది. అందులో భూమి పాసుపుస్తకం, బీమా బాండ్లు, కూతురి పెళ్లిపత్రిక, చదువు చెప్పిన రోజుల నాటి సర్టిఫికెట్లు... అన్నిటికంటే అడుగున దినపత్రిక నుంచి కత్తిరించిన ఓ చిన్న ముక్క. మడతల దగ్గర చిరిగిపోతే వెనక టేపు అంటించారు. దానిమీద ఉన్నవి నాలుగే సంగతులు. షేరు: ఆంధ్రా బ్యాంక్. సలహా: కొనండి. గడువు: 12 నెలలు. నాలుగోది టార్గెట్ ధర. అక్కడ రెండొందలు దాటిన ఓ అంకె.

ఆ పన్నెండు నెలలు ఎప్పుడో గడిచిపోయాయి. ఆ పేరుతో బ్యాంకే ఇప్పుడు లేదు. కాగితం మాత్రం ఉంది.

ఏటా దసరాకి ఇల్లు సర్దేటప్పుడు ఆయన భార్య దాన్ని చూస్తారు. ''ఇంకా ఎందుకు దాస్తరు? పొయ్యిల పడెయ్యక'' అంటారు. ఆయన ఏమీ అనరు. కాగితం తీసుకుని, మళ్లీ అదే మడతల మీద మడిచి లోపల పెట్టేస్తారు.

ఊళ్లో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆయన 'లెక్కల సారు'. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు బారువడ్డీ, చక్రవడ్డీ, లాభనష్టాలు నేర్పిన మనిషి. అలాంటి మనిషి ఓ అంకెను నమ్మి ఎలా దెబ్బతిన్నారన్నదే ఈ కథ. ఇందులో మోసగాడంటూ ఎవరూ లేరు. అందుకే తెలుసుకోవాల్సిన కథ.

మన బ్యాంకే కదా!

సారు 2005లో రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బులో కొంత ఇంటి మరమ్మతులకు పోయింది. కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు. ఇంకో లక్ష దాకా మిగిలింది. సరిగ్గా ఆ సమయంలోనే, 2006 జనవరిలో, ఆంధ్రా బ్యాంక్ రెండోసారి పబ్లిక్ ఇష్యూకి వచ్చింది. షేరు ధర 90 రూపాయలు.

షేర్లంటే అప్పటిదాకా ఆయనకు భయమే. కానీ ఇది వేరే ఎవరి కంపెనీయో కాదు. జీతం పడిన బ్యాంకు. సూర్యాపేట వెళ్లి పాసుబుక్కులో ఎంట్రీలు వేయించుకున్న బ్యాంకు. స్వాతంత్య్ర సమరయోధుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో లక్ష రూపాయల మూలధనంతో మొదలుపెట్టిన బ్యాంకు. 1980లో జాతీయం చేశారు కాబట్టి వెనక సర్కారు కూడా ఉంది. ఇంకేం కావాలి?

పైగా కళ్లెదుట ఓ ఉదాహరణ కనిపించింది. అదే బ్యాంకు 2001లో తొలిసారి ప్రజలకు షేర్లు అమ్మినప్పుడు ధర పది రూపాయలే. అప్పుడు ధైర్యం చేసి కొన్న తోటి టీచర్ ఒకాయన సూర్యాపేటలో కనిపించినప్పుడల్లా ఆ ముచ్చటే చెప్పేవారు. పది రూపాయలది ఐదేళ్లలో తొంభై! లెక్కల సారుకి ఆ లెక్క వేయడానికి కాగితం, కలం అక్కర్లేదు.

ఇష్యూలో కొన్ని షేర్లు వచ్చాయి. మిగతావి సూర్యాపేటలో ఓ బ్రోకర్ ఆఫీసు ద్వారా దాదాపు అదే ధరకు కొని వెయ్యి పూర్తి చేశారు. మొత్తం పెట్టుబడి సుమారు 90 వేలు.

అక్కణ్నుంచి ఆయన పొద్దుట పేపర్ చదివే పద్ధతే మారిపోయింది. అంతకుముందు మొదటి పేజీ, ఆ తర్వాత జిల్లా వార్తలు. ఇప్పుడు ముందు వాణిజ్యం పేజీ. సన్నటి అక్షరాల వరుసల్లో కళ్లద్దాలు సర్దుకుని 'ఆంధ్రా బ్యాంక్' వెతుక్కోవడం, పక్కనున్న అంకెని వెయ్యితో గుణించుకోవడం... అదయ్యాకే చాయ్.

అన్న అడిగిన ప్రశ్న

2008లో ప్రపంచమంతా మార్కెట్లు కూలాయి. 2009 మొదట్లో ఆ షేరు 50 రూపాయలకు కిందికొచ్చింది. సారు అమ్మలేదు. ''మన సొమ్ము ఎటు పోతది?'' అని ఓపిక పట్టారు. ఓపిక ఫలించింది కూడా. 2010 చివరికి ధర 150 దాటింది. బ్యాంకు లాభాలూ బాగున్నాయి. డివిడెండు కూడా మంచిగానే ఇస్తోంది. అదిగో, ఆ రోజుల్లో పత్రికలో వచ్చిందే ఆ ముక్క. ఓ పేరున్న బ్రోకరేజి సంస్థ విశ్లేషకుల సలహా. ఏడాదిలో షేరు రెండొందలు దాటుతుందట!

సరిగ్గా అప్పుడే కూతురికి సంబంధం కుదిరింది. పెళ్లి 2011లో. ఖర్చులన్నీ లెక్కేస్తే లక్షన్నర తక్కువ పడింది. వెయ్యి షేర్లు అమ్మితే ఆ లక్షన్నర వస్తుంది.

''అమ్మేద్దామండీ. బిడ్డ పెళ్లికి అక్కరకొచ్చిందని సంబురపడదాం'' అన్నారు ఇల్లాలు.

సారు జేబులోంచి కాగితం తీశారు. ''ఇంకో యాభై పెరుగుతదని రాసిండ్రు. వెయ్యి షేర్లకు యాభై వేలు. తొందరపడి పోగొట్టుకుంటమా?''

మరి పెళ్లి ఖర్చు? మూసీ ఎడమ కాల్వ కింద తండ్రి పంచి ఇచ్చిన భూమి ఉంది. అందులో ఇరవై గుంటలు అమ్ముదామనుకున్నారు. బయటివాళ్ల చేతికి పోవద్దని సొంత అన్నే అప్పుచేసి ఆ ముక్క తీసుకున్నారు. అన్న పెద్దగా చదువుకోలేదు. పొలమే ఆయన బడి. కాగితాలు రాసుకున్న రోజు తమ్ముడి చేతిలోని ఆ పేపర్ ముక్క చూసి ఓ మాట అడిగారు.

''తమ్మీ, రేపు సూర్యాపేట మార్కెట్ల వడ్ల ధర ఎంత పలుకుతదో ఆడ కూసున్న ఆడ్తిదారే చెప్పలేడు. ఏడాది తర్వాత నీ షేరు ఎంతుంటదో బొంబాయిల కూసున్నోనికి ఎట్ల తెలిసె?''

''వాళ్లు లెక్కలు కట్టి చెప్తరన్నా'' అన్నారు సారు.

''కట్టని. ఆ ధర రాకపోతే వాళ్లు కొంటరా?''

సారు నవ్వి ఊరుకున్నారు. అన్నకు షేర్ల సంగతి తెలియదులే అనుకున్నారు.

ఆ అంకె ఎక్కణ్నుంచి వస్తుంది?

టార్గెట్ ధర అనేది జాతకం కాదు. చిలక జోస్యమూ కాదు. దాని వెనక నిజంగానే లెక్క ఉంటుంది. బ్యాంకు షేరుకైతే ఆ లెక్క మరీ కష్టమైనదేం కాదు.

బ్యాంకు ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది వాటాదారుల సొమ్ము. దాన్ని మొత్తం షేర్లతో భాగిస్తే వచ్చేది ఒక్కో షేరు పుస్తక విలువ. మార్కెట్లో ఆ విలువకు కొన్నిసార్లు ఒకటిన్నర రెట్లు ఇస్తారు. కొన్నిసార్లు సగమే ఇస్తారు. విశ్లేషకుడు చేసే పని రెండు అంచనాలు వేయడం. ఒకటి, వచ్చే ఏడాదికి పుస్తక విలువ ఎంతవుతుంది? రెండు, అప్పుడు మార్కెట్ దానికి ఎన్ని రెట్లు ఇస్తుంది? రెండిటినీ గుణిస్తే వచ్చేదే టార్గెట్.

ఉదాహరణకి ఓ షేరు పుస్తక విలువ 100 రూపాయలు, మార్కెట్ ఇచ్చేది ఒకటిన్నర రెట్లు అనుకుందాం. ధర 150. వచ్చే ఏడాదికి విలువ 120 అవుతుంది, జనం 1.7 రెట్లు ఇస్తారు అని అంచనా వేస్తే టార్గెట్ 204. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ అదే విలువ 80కి తగ్గి, జనం సగం రెట్లే ఇస్తామంటే? నలభై! బ్యాంకు ఒకటే, గుణకారం ఒకటే. మారింది రెండు ఊహలు. 204 అని అచ్చులో చూసేవాడికి ఆ ఊహలు కనిపించవు. కచ్చితమైన అంకె మాత్రమే కనిపిస్తుంది. 'సుమారు రెండొందలు, కాకపోతే నలభై కూడా కావచ్చు' అని ఎవరైనా రాస్తే ఎవరు కొంటారు?

ఇంకో చిక్కుంది. చాలాసార్లు టార్గెట్ ముందు నడవదు, ధర వెనకాలే నడుస్తుంది. షేరు పెరిగితే టార్గెట్ పెంచుతారు. పడితే తగ్గిస్తారు. 'కొనండి' అన్న సలహాలు బోలెడు ఉంటాయి. 'అమ్మండి' అన్నవి వెతుక్కోవాలి. అందుకే మార్కెట్లో పండిపోయినవాళ్లు 'ఉంచుకోండి' అన్న మాటను మెల్లగా తప్పుకోండని చెప్పడంగా అర్థం చేసుకుంటారు. కొనుగోళ్లు, అమ్మకాలు జరిగితేనే బ్రోకరేజి సంస్థకి కమీషన్. కంపెనీలతో వేరే వ్యాపారం ఉంటే వాటి గురించి చేదుమాట రాయడం ఇంకా కష్టం.

అమెరికాలో 1998 డిసెంబరులో హెన్రీ బ్లాజెట్ అనే విశ్లేషకుడు, 240 డాలర్ల దగ్గరున్న అమెజాన్ షేరు 400కి వెళ్తుందన్నాడు. జనం నవ్వారు. నెల తిరక్కముందే అది 400 దాటింది! రాత్రికి రాత్రి అతను స్టార్ అయిపోయాడు. కానీ మరికొన్ని కంపెనీల షేర్లను పైకి పొగుడుతూ లోపల ఈమెయిళ్లలో వాటినే తిట్టాడని బయటపడింది. 2003లో ఆ వ్యాపారం నుంచే అతణ్ని శాశ్వతంగా నిషేధించారు. అదే ఏడాది పది పెద్ద సంస్థలు దాదాపు 140 కోట్ల డాలర్లు చెల్లించి ఇలాంటి కేసుల్లో రాజీ చేసుకున్నాయి. మన దగ్గర సెబీ 2014లో విశ్లేషకులకు నిబంధనలు తెచ్చింది. షేరు గురించి సలహా ఇచ్చేవాళ్లు తమకు ఆ కంపెనీలో వాటా ఉందా, దాని నుంచి డబ్బు అందిందా అన్నది చెప్పాలి. చెబుతున్నారు కూడా, నివేదిక చివరి పేజీల్లో, సన్నటి అక్షరాల్లో. వాణిజ్యం పేజీలో వచ్చే నాలుగు వరుసల్లో అవన్నీ ఎక్కడ పడతాయి?

అయితే సారు దాచుకున్న ముక్క రాసినవాళ్లు అబద్ధం చెప్పారనడానికి ఆధారమేమీ లేదు. అప్పటికి కనిపిస్తున్న లెక్కల్ని బట్టి నిజంగానే నమ్మి రాసి ఉండొచ్చు. కనిపించని లెక్కలే కొంప ముంచాయి.

మొదళ్లలో సుడిదోమ

వరి రైతులకు సుడిదోమ సంగతి చెప్పక్కర్లేదు. గట్టుమీద నిలబడి చూస్తే చేను పచ్చగా ఉంటుంది. దోమ ఉండేది ఆకుల మీద కాదు, మొదళ్లలో. దుబ్బుల్ని పాయ తీసి, వంగి అడుగున చూస్తేనే తెలుస్తుంది. చూడకపోతే ఓ పొద్దున చేను మధ్యలో గుండ్రంగా ఎండిన మచ్చలు కనిపిస్తాయి. అప్పటికే ఆలస్యం.

బ్యాంకుల్లో జరిగింది ఇంచుమించు అదే. దేశం దూసుకుపోతున్న రోజుల్లో కరెంటు ప్లాంట్లకి, ఉక్కు ఫ్యాక్టరీలకి, రోడ్లకి ప్రభుత్వ బ్యాంకులు ధారాళంగా అప్పులిచ్చాయి. తర్వాత చాలా ప్రాజెక్టులు ఆగిపోయాయి. అప్పు తీరకపోయినా గడువు పెంచి, కొత్త షరతులతో తిరగరాసి, పుస్తకాల్లో వాటిని మంచి అప్పులుగానే చూపించే వీలుండేది. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంది. 2015లో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకుల దుబ్బులు పాయ తీసి చూసింది. దాన్నే ఆస్తుల నాణ్యత సమీక్ష అన్నారు. అప్పుడు బయటపడ్డాయి మచ్చలు.

ఆంధ్రా బ్యాంక్ 2017-18లో 3,400 కోట్ల రూపాయలకు పైగా నష్టం చూపించింది. 2018 మార్చి నాటికి ఇచ్చిన ప్రతి వంద రూపాయల అప్పులో 17 రూపాయలు మొండి బాకీలే. ఆ తర్వాతి ఏడాది కూడా నష్టమే. 2019 ఆగస్టు 30న కేంద్రం బ్యాంకుల విలీనాలు ప్రకటించింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్, కార్పొరేషన్ బ్యాంక్ రెండూ యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయాయి. పట్టాభి పెట్టిన పేరు సూర్యాపేట బోర్డుమీద నుంచి కూడా దిగిపోయింది. అప్పటికి షేరు ధర పదిహేను రూపాయల లోపు.

విలీనం లెక్క ప్రకారం ప్రతి వెయ్యి ఆంధ్రా బ్యాంక్ షేర్లకు 325 యూనియన్ బ్యాంక్ షేర్లు. సారు దగ్గరున్నవి సరిగ్గా వెయ్యి. 325 వచ్చాయి. 2024లో ఒక దశలో ఆ షేరు 150 దాటింది. ఆ ధరకు లెక్కేసినా 48,750 రూపాయలు. 2006లో పెట్టిన 90 వేలలో సగానికి కాస్త ఎక్కువ. అసలు రావాలంటే షేరు 277కి చేరాలి. మధ్యలో కొన్నేళ్లు వచ్చిన డివిడెండు కలిపినా ఆ గుంట పూడదు. అదే 90 వేలను ఎనిమిది శాతం చక్రవడ్డీకి వేసుంటే తొమ్మిదేళ్లలో రెట్టింపయ్యేది. తరగతిలో కొన్ని వేలసార్లు చెప్పిన లెక్కే!

ఇక ఇరవై గుంటల సంగతి. 2016లో సూర్యాపేట జిల్లా అయ్యింది. చుట్టుపక్కల భూముల ధరలు ఎటు పోయాయో ఇక్కడివాళ్లకు వేరే చెప్పాలా? ఆ లెక్క మాత్రం సారు ఎప్పుడూ వేయలేదు. వేయొద్దని భార్య ఒట్టు పెట్టించుకున్నారట.

కొనేవాడున్న ధర

అన్న ఆ రోజు అడిగిన ప్రశ్న సారుకి అర్థం కావడానికి పదేళ్లు పట్టింది.

వడ్లకూ ముందే చెప్పే ధర ఒకటుంది. మద్దతు ధర. సారు షేర్లు కొన్న 2005-06 సీజన్లో సాధారణ రకం వడ్లకి క్వింటాలుకు 570 రూపాయలు. ఆంధ్రా బ్యాంక్ కథ ముగిసిన 2019-20లో 1,815. ఆ ధర కోసం రైతు పడే పాట్లు తక్కువేం కాదు. తేమ 17 శాతం దాటిందంటారు. తాలు ఉందంటారు. తరుగు తీస్తారు. మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు వరుసకట్టి రాత్రంతా జాగారం చేస్తాయి. అకాల వర్షానికి కల్లంలోనే వడ్లు మొలకెత్తుతాయి. అయినా ఆ ధర ఒక మాట. ఫలానా ధరకు మేం కొంటామని సర్కారు ఇచ్చిన మాట. తప్పితే రైతు రోడ్డెక్కుతాడు, అధికారిని నిలదీస్తాడు, ఓటు వేసేటప్పుడు గుర్తుపెట్టుకుంటాడు.

టార్గెట్ ధర కూడా అచ్చులో చూడ్డానికి అలాగే ఉంటుంది. రూపాయలుంటాయి, గడువు ఉంటుంది, పెద్ద సంస్థ పేరు ఉంటుంది. కానీ ఆ ధరకు కొంటామని అందులో ఎవరూ అనలేదు. గడువు తీరాక వచ్చి ఎందుకు రాలేదో చెప్పేవాళ్లూ ఉండరు. కొత్త ఏడాదికి కొత్త అంకె వస్తుంది, అంతే. అభిప్రాయాన్ని మాటగా పొరబడ్డారు సారు. చిన్న పొరపాటే. ఇరవై గుంటల ఖరీదు చేసింది.

అలాగని విశ్లేషకుల నివేదికలు పనికిరానివేం కాదు. బ్యాంకు ఎవరికి అప్పులిచ్చింది, మొండి బాకీలు పెరుగుతున్నాయా, తరుగుతున్నాయా అన్నవి అందులోనే ఉంటాయి. ఓపికగా చదివితే మొదళ్లు కనిపిస్తాయి. చివర్న ఉండే ఒక్క అంకె కోసం మిగతా పేజీలన్నీ వదిలేయడంతోనే చిక్కు. సారు చదివింది ఆ ఒక్క అంకే. అది కూడా తనకు నచ్చిన అంకె కాబట్టి దాచుకున్నారు. ఆ తర్వాత అదే పేజీల్లో టార్గెట్లు తగ్గుతూ వచ్చాయి. వాటిని మాత్రం ఆయన కత్తిరించలేదు.

మొన్న సంక్రాంతికి అన్నగారి మనవడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఫోన్‌లోనే షేర్లు కొంటాడు, ఫోన్‌లోనే అమ్ముతాడు. అరుగు మీద కూర్చుని ఫోన్ చూపించాడు. ''చిన్నతాతా, ఈ బ్యాంకు షేరు చూడు. టార్గెట్ ఎంతిచ్చిండ్రో! నెల జీతం పెడదామనుకుంటున్న.''

సారు లేచి లోపలికెళ్లారు. బీరువా తలుపు కిర్రుమంది. వంటింట్లోంచి భార్య తొంగిచూశారు. ఆయన కాగితం తెచ్చి కుర్రాడి చేతిలో పెట్టారు. వాడు మడత విప్పి చదివాడు. తేదీ చూశాడు. బ్యాంకు పేరు చూశాడు. కాసేపు ఏమీ అనలేదు.

''మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి అప్పుడు కొనుక్కో'' అన్నారు సారు, తరగతిలో చెప్పినట్టే. ''ఆ అంకె ఎట్ల వచ్చింది? చెప్పినోనికి ఆ కంపెనీతోని ఏం పని? ఆ ధర రాకపోతే వచ్చి కొనేదెవరు?''

మొదటి రెండిటికీ కుర్రాడు ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాడు. మూడోదానికి వెతకలేదు. ''ఎవరు కొంటరు చిన్నతాతా!'' అని నవ్వాడు.

''ఇది నా ప్రశ్న కాదు బిడ్డా, మీ తాతది'' అన్నారు సారు.

ఎదురుగా మంచంలో పడుకున్న పెద్దాయనకి ఈమధ్య చెవులు సరిగా వినిపించవు. ''ఏమంటుండు?'' అని అడిగారు.

''ఏం లేదన్నా. వడ్ల ధర గురించి'' అని, కాగితం మళ్లీ అదే మడతల మీద మడిచారు లెక్కల సారు.